బాట నడిచినవాడు

శబరి ఒడ్డున, కొండ దిగువన ఒక గూడెం ఉండేది. నలభై గడప. ముందు ఇప్పచెట్లు, వెనక పోడు చేలు, పక్కన వానాకాలం గొంతు దాకా పారే వాగు. గూడేనికి ఏ కష్టమొచ్చినా తీర్చాల్సింది మాత్రం అడవికి అవతల పట్నంలో ఉన్న కచేరీ. చేను ఎవరిదో తేల్చేది కచేరీ, గింజలు ఇచ్చేది కచేరీ, జ్వరాలొస్తే మందు పంపేదీ కచేరీయే. అక్కడికి రెండు రోజుల నడక. అడవిలో సన్నటి కాలిబాట. ఆ బాట వెంట మరో ఐదు గూడేలు.

అందరూ పనులు మానుకుని వెళ్ళలేరు కదా. అందుకని కొత్తల పండగ అయ్యాక ఇప్పచెట్టు కింద కూర్చుని తమలో ఒకణ్ణి ఎన్నుకునేవాళ్ళు. గూడెం మాట కచేరీకి మోయడం అతని పని.

మొదట ఎన్నుకున్నవాడు మంచి మాటకారి. అతను నోరు తెరిస్తే సంతలో బేరాలు ఆగేవి. కచేరీ మెట్లెక్కి గూడెం బాధ చెబితే రాసుకునే గుమాస్తా కలం పక్కన పెట్టి విన్నాడు. ఆ ఏడు గింజలొచ్చాయి, మందులొచ్చాయి. గూడెం పొంగిపోయింది. మరుసటి ఏడూ అతన్నే పంపింది.

కచేరీ పెద్దకు అతని మాట నచ్చింది. "ఇంత మంచి మనిషివి, కాళ్ళు బొబ్బలెక్కేలా నడవడమేమిటయ్యా" అని ఒక గుర్రాన్ని ఇచ్చాడు. ఇచ్చినవాడి మనసులో కపటం లేదు. పుచ్చుకున్నవాడి మనసులోనూ లేదు. త్వరగా వెళ్ళి త్వరగా రావచ్చు, గూడేనికే మేలు అనుకున్నాడు. అయితే కాలిబాటలో గుర్రం నడవదు. కొమ్మలు మొహానికి కొడతాయి, వాగు దాటేచోట రాళ్ళు జారతాయి. అందుకని అడవి చుట్టూ తిరిగి బండ్లబాట పట్టాడు. ఐదు గూడేలూ దారిలోంచి తప్పిపోయాయి. కొన్నాళ్ళకు పట్నంలో ఇల్లిచ్చారు. ఇక గూడేనికి పండగకు వచ్చేవాడు, పెళ్ళికి వచ్చేవాడు, ఎవరైనా చనిపోతే వచ్చేవాడు.

కచేరీలో మాత్రం అతను మాట్లాడటం మానలేదు. ఇంకా బాగా మాట్లాడేవాడు. కానీ చెప్పేవన్నీ నిరుటి మాటలు. వాగు నిరుడు ఎక్కడ తెగిందో చెప్పేవాడు. ఈ ఏడు అది వేరేచోట తెగింది. నిరుడు మందు చాలలేదని చెప్పేవాడు; ఈ ఏడు మందు వచ్చింది గానీ దాన్ని తెచ్చేవాడు లేక సంతలోనే ఆగిపోయింది.

మూడో ఏడు వానలకు గూడెంలో జ్వరాలు పట్టుకున్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు కచేరీకి కబురు చెప్పడానికి బయల్దేరి అడవి అంచున నిలబడిపోయారు. బాట కనపడలేదు. తుప్పలు కమ్మేశాయి, వెదురు అడ్డం పడింది, వాగు దాటే రాళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పట్నం చేరింది. మాటకారి అప్పటికప్పుడు మందు మూట కట్టుకుని గుర్రమెక్కాడు. బండ్లబాట వరదలో మునిగి ఉంది. అడవి అంచున గుర్రం దిగి తాను పుట్టి పెరిగిన బాట కోసం వెతికాడు. చీకటి పడేదాకా వెతికాడు. అతను గూడేన్ని మరిచిపోలేదు. ఆ రాత్రి మందు మూట ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. గూడెంలో మాత్రం ఆ వారం తొమ్మిది మందిని మట్టి చేశారు.

తర్వాతి ఏడు ఇప్పచెట్టు కింద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి పెద్దాయన ఒక కుర్రవాడి వైపు చూశాడు. మాటకారి కాడు. నలుగురిలో నిలబడితే తల వంచుకునే రకం. "తాతా, నాకు మాట్లాడటం రాదు" అన్నాడు. "నడవడం వచ్చుగా బిడ్డా, వెళ్ళు" అన్నాడు పెద్దాయన.

అతను కత్తి పట్టుకుని బయల్దేరాడు. తుప్పలు నరుకుతూ, వెదురు పక్కకు లాగుతూ, రెండు రోజుల దారిని తొమ్మిది రోజులు నడిచాడు. ఐదు గూడేల్లోనూ ఆగాడు. అంబలి తాగిన చోటల్లా ఒక మాట చెవిన పడింది. ఒకచోట బావి ఎండింది. ఒకచోట చేను కొలిచినవాడు గట్టు జరిపి కొలిచాడు. ఒకచోట ముసలమ్మకు గింజలు ఇవ్వలేదు. కచేరీ చేరేసరికి అతని దగ్గర ఆరు గూడేల మాట ఉంది.

గేటు దగ్గర జవాను ఆపాడు. ఒంటి నిండా మట్టి, చేతిలో కత్తి. గూడెం మాట మోసేవాడంటే నమ్మలేదు. అతను గేటు పక్కన కూర్చున్నాడు. సాయంత్రానికి లోపలికి పంపారు. అతనికి మాటల అల్లిక తెలియదు. బావి ఎన్ని బారల లోతులో ఎండిందో చెప్పాడు. గట్టు ఎన్ని అడుగులు జరిపారో చెప్పాడు. ముసలమ్మ పేరు చెప్పాడు. గుమాస్తా రాసుకోక తప్పలేదు.

అడిగినవన్నీ వచ్చాయనుకోకండి. సగానికి "చూద్దాం" అన్నారు. కొన్నిటికి "లేదు" అన్నారు. అతను ఆ "లేదు"ను కూడా మోసుకొచ్చాడు. ఏ గూడెం మాటకు ఏ జవాబు వచ్చిందో వచ్చేదారిలో ఆగి చెప్పాడు. చెప్పినచోట తిట్లు కూడా తిన్నాడు. కానీ లేదన్న సంగతి తెలిసిన గూడేలు ఊరికే కూర్చోలేదు. గట్టు జరిపి కొలిచిన చేను కోసం ఆరు గూడేల జనం కలిసి బయల్దేరారు. ఆడవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, కర్రలూతగా ముసలివాళ్ళు. ఒక్కడు నడవగా నడవగా బాట వాళ్ళందరూ పట్టేంత వెడల్పయింది. కచేరీ ముందు మూడు రోజులు కూర్చున్నారు. గట్టు మళ్ళీ కొలిచారు.

అతనికీ కచేరీ పెద్ద గుర్రాన్ని ఇవ్వబోయాడు. "దొడ్డ మనసు అయ్యా మీది. కానీ మా బాటలో గుర్రం పట్టదు. దీన్ని పుచ్చుకుంటే నేను వేరే దారి పట్టాలి" అని దండం పెట్టి వచ్చేశాడు.

ఏళ్ళు గడిచాయి. గూడెంలో కొత్త మాట మొదలైంది. పక్క గూడెంవాళ్ళ మనిషి గుర్రం మీద, డప్పులతో వస్తాడు. మనవాడు కాళ్ళకు బురదతో వస్తాడు. కచేరీలో మనకేం మర్యాద ఉంటుంది? ఒక పండగనాడు గుర్రమున్నవాణ్ణి ఎన్నుకున్నారు. పాతవాడు ఏమీ అనలేదు. కొత్తవాడికి తమలపాకు ఇచ్చి, పోడు చేలోకి వెళ్ళిపోయాడు.

కానీ రోజూ తెల్లారుజామున కత్తి పట్టుకుని అడవిలోకి వెళ్ళేవాడు. కొంతదూరం తుప్పలు కొట్టి వచ్చేవాడు. "ఇప్పుడు నీ పని కాదుగా మామా, ఎందుకీ శ్రమ" అని మేనల్లుడు అడిగాడు. "రేపు నువ్వు వెళ్ళాల్సొస్తే?" అన్నాడు.

నీతి

జనం ఎన్నుకున్న మనిషికి పని రెండు చోట్ల ఉంటుంది. సభలో మాట్లాడటం ఒకటి. తనను పంపినవాళ్ళకూ సభకూ నడుమ దారి మూసుకుపోకుండా చూడటం రెండోది. రెండోది ఆగిపోతే మొదటిది ఎంత బాగా సాగినా అది నిరుటి మాటే అవుతుంది. కథ కల్పితం. ఈ నీతిని బతికి చూపినవాళ్ళు మాత్రం నిజంగా ఆ శబరి పక్కనే పుట్టారు.

సున్నం రాజయ్యది వరరామచంద్రపురం మండలంలోని సున్నంవారిగూడెం. శబరి గోదావరిలో కలిసే కూనవరానికి ఆ మండలం పొరుగు. భద్రాచలం గిరిజన రిజర్వుడు నియోజకవర్గం నుంచి 1999లో, 2004లో, 2014లో సి.పి.ఎం. తరఫున శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయనకు ముందు 1985, 1989, 1994 ఎన్నికల్లో వరుసగా గెలిచిన కుంజా బొజ్జిదీ అదే మండలం, అదే పార్టీ. ఒక మారుమూల మండలం నుంచి వచ్చిన ఇద్దరు గిరిజనులు ఐదు ఎన్నికలు వరుసగా ఒకే నియోజకవర్గాన్ని నిలబెట్టుకున్నారు. వాళ్ళకు భవంతులు లేవు. అటు పక్క ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో గెలిచారు. సైకిలు మీద ఊళ్ళు తిరిగిన మనిషి, ఆర్టీసీ బస్సులో రాజధానికి వెళ్ళిన మనిషి. ఖమ్మం అడవి అంచు ఇలాంటివాళ్ళను ఒక్కరిని కాదు, ఒక తరాన్నే ఇచ్చింది.

రాజయ్య పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆయన ఆటోలో అసెంబ్లీకి వెళ్ళడం, బస్సులో నియోజకవర్గం తిరగడం. ఆయన పోయాక పత్రికలన్నీ నిరాడంబరుడని రాశాయి. అది నిజమే. కానీ ఆ పొగడ్త నాకు చాలదనిపిస్తుంది. నిరాడంబరతను ఒక సుగుణంగా మెచ్చుకుని పక్కన పెట్టేస్తే, దానివల్ల జరిగిన పని కనిపించకుండా పోతుంది.

ఆ పని ఎలాంటిదో చూడండి. అప్పటి భద్రాచలం నియోజకవర్గం వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం మొదలుకుని భద్రాచలం మీదుగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం దాకా గోదావరి, శబరి ఒడ్ల వెంట సాగేది. ఈ చివరి నుంచి ఆ చివరికి వంద కిలోమీటర్లు ఎప్పుడో దాటేది. చర్ల బస్సులో ఎమ్మెల్యే కూర్చుంటే పక్క సీట్లో ఎవరైనా కూర్చోవచ్చు. తునికాకు కోసేవాళ్ళు కూర్చోవచ్చు. యాభై ఆకుల కట్టకు కల్లంలో ఈసారి ఎంతిచ్చారో, పోయినేడు బోనస్ వచ్చిందో లేదో చెప్పొచ్చు. అపాయింట్‌మెంటు అక్కర్లేదు, అనుచరుణ్ణి బతిమాలుకోనక్కర్లేదు. ముందొక కారు, వెనకొక కారు, నడుమ నల్లద్దాలు ఉంటే ఆ మాట చెప్పే చోటే ఉండదు.

పోడు సంగతి దీన్ని ఇంకా తేటగా చూపిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడు తన చేనుకు హక్కుపత్రం అడగవచ్చు. కాగితాలే ఉండాలని లేదు. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనలు చెబుతున్నాయి. చట్టంలో అలా ఉంది. ఊళ్ళో ఏం జరుగుతుంది? గ్రామసభ పెట్టామని కాగితం మీద ఉంటుంది, ఊరికి తెలియదు. దరఖాస్తు పెట్టిన నాలుగెకరాలకు ఎకరం రాసి ఇస్తారు. తిరస్కరించినట్టు కబురే రాదు. కబురు రాకపోతే అప్పీలు చేసుకునే గడువు దాటిపోతుంది. ఇక్కడ కావలసింది గొప్ప ప్రసంగం చేసేవాడు కాదు. ఏ గూడెంలో ఎవరి చేను ఎంత తగ్గించారో తెలిసినవాడు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఏ.) సమావేశంలో ఆ గూడెం పేరు పెట్టి అడిగేవాడు, అడిగాక వచ్చిన "లేదు"ను వెనక్కి మోసుకెళ్ళి అప్పీలు రాయించేవాడు కావాలి.

ఇది ఒక్క మనిషి మంచితనం వల్ల నిలిచిన సంగతి కాదు. సి.పి.ఎం.లో ఎమ్మెల్యే తన జీతాన్ని పార్టీకి అప్పగించి, పూర్తికాలం కార్యకర్తకు పార్టీ ఇచ్చే అలవెన్సుతో బతకాలన్న నియమం ఉంది. రాజయ్య సభలో ఉండగానే, 2016 మార్చిలో, తెలంగాణ ఎమ్మెల్యేల జీతం, నియోజకవర్గ భత్యం కలిపి నెలకు రెండున్నర లక్షలకు పెరిగాయి. మనిషి ఎంత మంచివాడైనా చుట్టూ ఉన్న ఏర్పాటు అతన్ని ఇంకో దారికి మళ్ళిస్తుంది. అలా మళ్ళకుండా ఆపే ఏర్పాటు వెనక ఒకటి ఉండాలి. అది పార్టీ నియమం కావచ్చు, ఇప్పచెట్టు కింద కూర్చునే జనం కావచ్చు. ఇప్పటి ఎన్నికల ఖర్చు చూడండి. అసెంబ్లీ అభ్యర్థికి ఎన్నికల సంఘం పెట్టిన పరిమితే 2014లో 28 లక్షలు. 2022 నుంచి 40 లక్షలు. పరిమితి దాటి పెట్టేది ఎంతో ఊళ్ళో అందరికీ తెలుసు. అంత పెట్టి గెలిచినవాడు తునికాకు కట్ట ధర గురించి కాంట్రాక్టరుతో తగువు పెట్టుకుంటాడని ఎలా ఆశిస్తాం? ఆ తప్పులో ఓటుకు డబ్బు పుచ్చుకున్న మన భాగం కూడా ఉంది. ఆ మాట దాచి నాయకుల మీద మాత్రమే రాయడం న్యాయం కాదు.

2009లో రాజయ్య ఓడిపోయారు. ఐదేళ్ళు మాజీగా అవే ఊళ్ళు తిరిగి 2014లో మళ్ళీ గెలిచారు. తెలంగాణ మొదటి శాసనసభలో సి.పి.ఎం. సభ్యుడు ఆయన ఒక్కరే. అంతకన్నా కష్టమైనది ఇంకొకటి జరిగింది. 2014 ఏప్రిల్ 30న చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం జనం తెలంగాణ ఓటర్లుగా ఓటేశారు. మే నెలాఖరులో ఆ మూడింటితో సహా పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇస్తూ ఆర్డినెన్సు వచ్చింది, జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఆ నేలకు ఇలా చేతులు మారడం కొత్త కాదు. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలోనే ఉండేది. కానీ ఓటేసిన మూడు నెలలకే ఓటరు ఒక రాష్ట్రానికీ అతను ఎన్నుకున్న సభ్యుడు మరో రాష్ట్ర సభకూ పోవడం మన దగ్గర ఎన్నడూ చూడని సంగతి. రాజయ్య హైదరాబాదులో సభ్యుడు. ఆయన పుట్టిన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో. ఆయనకు ఓటేసినవాళ్ళలో వేలమందికి ఐదేళ్ళపాటు ఏ సభలోనూ తాము ఎన్నుకున్న మనిషి లేడు.

భద్రాచలం పట్టణానిదీ విచిత్రమైన పరిస్థితే. గుడి, పట్టణం తెలంగాణలో ఉండిపోయాయి. ఊరికి ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు అవతలికి వెళ్ళాయి. చెత్త వేయడానికి కూడా పట్టణానికి చోటు కరువైంది. ఆ ఐదింటినైనా తిరిగి ఇవ్వాలని పట్టణంవాళ్ళు ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.

2019లో రాజయ్య తన ఊరు కలిసిన రంపచోడవరం నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోటీ చేశారు. ఓడిపోయారు. మూడుసార్లు భద్రాచలంలో గెలిచిన మనిషి, గెలుపు మీద ఆశ తక్కువని తెలిసి కూడా, ముంపు ఊళ్ళ మాట వినిపించడానికి ఇంకో రాష్ట్రంలో మొదటి నుంచి మొదలుపెట్టడం చిన్న సంగతి కాదు. ఆయన రాజకీయ జీవితంలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఆ ఓటమినే. 2020 ఆగస్టు 3న కరోనా ఆయన్ను తీసుకుపోయింది. చికిత్స కోసం ఏజెన్సీ నుంచి విజయవాడ దాకా తీసుకెళ్ళాల్సి వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో కుంజా బొజ్జి పోయారు.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. పోలవరం నిండు మట్టం 45.72 మీటర్లు. అయితే మొదటి విడత పునరావాసాన్ని 41.15 మీటర్ల గీత దగ్గర ఆపారు. ముంపు ఊళ్ళలో చిన్నపిల్లలు కూడా దీన్ని "41 కాంటూరు" అంటారు. గీత కింద ఉంటే పరిహారం, పైన ఉంటే తర్వాత చూద్దాం. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు లేచింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు చూడలేదు. కాగితం మీద గీతకు పైన ఉన్న ఊళ్ళు కూడా మునిగాయి. నీళ్ళు ఏ ఇంటి చూరు దాకా వచ్చాయో ఆ ఇంటివాళ్ళకు తెలుసు. గీత గీసినవాళ్ళు ఆ ఇంటిదాకా నడవలేదు.

2023 జూన్‌లో నిర్వాసితులు ఎటపాక మండలం నెల్లిపాక నుంచి విజయవాడకు పాదయాత్ర చేశారు. ఎండలో బయల్దేరి వానలో నడిచి, జూలై మొదటివారంలో చేరారు. వాళ్ళను ముందుండి నడిపించినవాళ్ళలో ఎమ్మెల్యే ఎవరూ లేరు. వాళ్ళు అడిగింది ఇది: 2022 వరదకు మునిగిన ఊళ్ళన్నిటినీ మొదటి విడతలో చేర్చండి, కాంటూరు మళ్ళీ కొలవండి, నీళ్ళు నింపకముందే ఇళ్ళు, పరిహారం ఇవ్వండి.